ఉల్లిగడ్డల వాసన, పన్నెండు వారాలు: కర్నూలులో నేను తీసుకున్న చికిత్స

నేను 108 అంబులెన్సులో ఈఎంటీని, అంటే ఆసుపత్రికి చేర్చేదాకా అత్యవసర చికిత్స చేసే ఉద్యోగిని. తొమ్మిదేళ్లుగా కర్నూలు చుట్టుపక్కలే నా పని, అందులో సగం 44వ నంబరు జాతీయ రహదారి మీదే. గత ఏడాది కర్నూలులోని ఒక మానసిక వైద్య కేంద్రంలో పన్నెండు వారాలు చికిత్స తీసుకున్నాను. వెళ్లే ముందు అక్కడ ఏం చేస్తారో, ఎంత తీసుకుంటారో, మాలాంటి ఉద్యోగం చేసేవాళ్లను ఎలా చూస్తారో తెలుసుకుందామని వెతికితే తెలుగులో ఒక్క ముక్క దొరకలేదు. బిరియాని హోటల్ గురించి వందమంది రాస్తారు, దీని గురించి ఒక్కరూ రాయరు. అందుకని వివరంగా రాస్తున్నాను. కేంద్రం పేరు మాత్రం చెప్పను. మా ఊళ్లో అంబులెన్సు, పోలీసు, అగ్నిమాపక సిబ్బంది అందరం ఒకరికొకరు తెలిసినవాళ్లమే. ఆ మెట్లు ఎక్కేవాళ్లను చూసి "వీళ్లూ అందుకే వచ్చారు" అని ఎవరూ అనుకోకూడదు.

వెల్దుర్తి దాటాక ఒక తెల్లవారుజామున ఉల్లిగడ్డల లారీ కూలీల ఆటో మీద బోల్తా పడింది. మేము చేరేసరికి ఇంకా చీకటి విడలేదు. బస్తాలు పగిలి గడ్డలు రోడ్డంతా దొర్లుతున్నాయి, కాలు పెడితే జారుతోంది. నలిగిన ఉల్లి వాసన, కారుతున్న డీజిల్ వాసన కలిసి కళ్లు మండుతున్నాయి. బస్తాలు తీస్తే గానీ మనుషులు కనిపించలేదు. ఒక అమ్మాయికి, పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగు నొక్కుతూ ఆసుపత్రి దాకా వచ్చాను. అక్కడ డాక్టరు నాడి చూశారు, కంటిపాప చూశారు, నా చేతిలో నుంచి బ్యాగు మెల్లగా తీసుకున్నారు. మేము బయటికి వచ్చి స్ట్రెచర్ కడుక్కున్నాం. ఆ రోజే ఇంకా మూడు కేసులు చేశాను. ఒకటి కాన్పు. తల్లీ బిడ్డా క్షేమం.

మూడు వారాలు ఏమీ కాలేదు. తర్వాత ఒకరోజు ఇంట్లో ఉల్లిగడ్డ కోస్తుంటే చేతులు వణికి కత్తి జారిపోయింది. గుండె దడ, చెమట, వంటింట్లో నిలబడలేక మిద్దె మీదికి పరుగెత్తాను. ఆ తర్వాత వారం రోజుల్లో నాలుగుసార్లు అలాగే అయింది. ఉల్లిగడ్డ లేని ఇల్లు మన వైపు ఎక్కడ ఉంటుంది? రోడ్డు పక్కన బండి మీద, పక్కింటి పోపులో, సహోద్యోగి టిఫిన్ డబ్బాలో, ఎక్కడ చూసినా అదే. వాసన పడటం లేదని చెబితే మా అత్తయ్య వేవిళ్లు అనుకుని సంతోషపడింది. పుల్లమామిడి కాయ కూడా తెప్పించింది. ఆ మాట కాదని ఆవిడకు చెప్పడం ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే కష్టమైన పని. తర్వాత దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. నేను వద్దనలేదు. కానీ రాత్రి నిద్ర లేదు, ఫోను మోగితే ఉలికిపాటు, పిల్లవాడి మీద ఊరికే అరుపులు.

నన్ను ముందుగా కనిపెట్టింది మా పైలట్ అన్న. మా వృత్తిలో అంబులెన్సు నడిపేవాళ్లను పైలట్ అంటాం. "అమ్మా, వెల్దుర్తి వైపు కేసు వస్తే నీ ముఖం మారిపోతోంది" అన్నాడు. 14416కు చేయమని నంబరు ఇచ్చింది కూడా ఆయనే.

అది టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. నేను రాత్రి రెండు గంటలకు, ఆపి ఉన్న బండిలో వెనక సీటు మీద కూర్చుని చేశాను. ఎత్తిన అమ్మాయి నా మాటకు అడ్డు రాలేదు. నిద్ర, తిండి ఎలా ఉన్నాయని, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడిగింది, ఎన్నాళ్లుగా ఇలా ఉందో అడిగింది. నెల దాటిందని చెప్పాక, ఇది మాటలతో సర్దుకునే దశ దాటి ఉండవచ్చు, మానసిక వైద్యుడిని కలవండి అని చెప్పింది. ఆ రాత్రికి నాకు కావలసింది అదే. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న మనిషికి అప్పుడు ఇంకెవరు దొరుకుతారు? మొదటి మెట్టుగా ఆ నంబరుకు పూర్తి మార్కులు వేస్తాను. మా బండి లోపల, స్ట్రెచర్ పక్కన దాన్ని అతికించాను.

ఇక కేంద్రం. ఆసుపత్రులన్నీ ఉండే వీధిలో రెండో అంతస్తు. ఒక మానసిక వైద్యుడు, ఒక క్లినికల్ సైకాలజిస్ట్ మేడం. వైద్యుడు నలభై నిమిషాలు విని, ఇది పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన సంఘటన తర్వాత మనసు ఆ క్షణంలోనే ఇరుక్కుపోవడం, అన్నారు. ఈ జబ్బుకు వైద్య గ్రంథాల్లో ఈ పేరు 1980లో వచ్చిందట. పనిలో భాగంగా పదే పదే ఇలాంటివి చూసే మాలాంటివాళ్లకూ ఇది రావచ్చని 2013లో సవరించిన నిర్వచనంలో స్పష్టంగా చేర్చారట. ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు వచ్చింది. తొమ్మిదేళ్లలో ఇది ఉద్యోగం వల్ల వచ్చే జబ్బు అని నాతో ఎవరూ అనలేదు. గుండె దిటవు లేదనే అన్నారు.

సెర్ట్రాలిన్ అనే మాత్ర రాశారు, దిగులు, ఆందోళన తగ్గించేది. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదట్లో వికారం ఉంటుందని ముందే చెప్పారు, అలాగే జరిగింది. నిద్రమాత్రలు అడిగితే వారానికి మించి ఇవ్వనన్నారు, ఎందుకో కూడా విడమరచి చెప్పారు.

అసలు చికిత్స మేడం గదిలో. వారానికి ఒకసారి గంటన్నర. కళ్లు మూసుకుని ఆ తెల్లవారుజామును మొదటి నుంచి చివరి దాకా, ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి. దాన్ని నా ఫోనులోనే రికార్డు చేసుకుని ఇంటికి తీసుకెళ్లి రోజూ వినాలి. మొదటి వారం నేను మధ్యలో లేచి వచ్చేశాను. ఇది హింస అనిపించింది, ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "మీరు దాన్ని తప్పించుకున్నకొద్దీ అది మీ వెంట పడుతోంది. ఒకసారి దాని దగ్గర పూర్తిగా కూర్చుందాం" అన్నారు. దీన్ని రూపొందించింది ఎడ్నా ఫోవా అనే మనస్తత్వ శాస్త్రవేత్త అని, సాధారణంగా ఎనిమిది నుంచి పదిహేను సార్లు పడుతుందని చెప్పారు. లెక్క తెలిస్తే ఓర్చుకోవచ్చు. అది ముందే చెప్పడం నాకు నచ్చింది.

ఆరో వారంలో జరిగినది రాయాలి. అప్పటిదాకా నా మనసులో ఒకటే నమ్మకం: నేను ముందు అరుస్తున్న పెద్దావిడ దగ్గరికి వెళ్లాను, చప్పుడు చేయని అమ్మాయిని వదిలేశాను అని. మా శిక్షణలో మొదటి పాఠమే అది, అరిచేవాళ్లు ఊపిరి తీసుకుంటున్నట్టే, నోరు మెదపనివాళ్లను ముందు చూడు అని. ఆ రోజు చెబుతూ చెబుతూ ఉంటే ఒక మాట నా నోటి నుంచే వచ్చింది: "కానిస్టేబులు, అన్న కలిసి మూడు బస్తాలు లాగారు, అప్పుడు చేయి కనిపించింది." మేడం ఆపారు. "అంతకు ముందు ఆమె మీకు కనిపించిందా?" లేదు. కనిపించలేదు. పెద్దావిడ మెడ కదలకుండా కాలర్ వేసేటప్పుడు ఆ అమ్మాయి బస్తాల కింద ఉంది. అక్కడ ఒక మనిషి ఉందని నాకు తెలియదు. నాలుగు నెలలుగా చూడని మనిషిని వదిలేశానని నన్ను నేను తిట్టుకుంటూ ఉన్నాను. ఆ రికార్డును ఆ రాత్రి మూడుసార్లు విన్నాను. మూడోసారి వింటూ నిద్రపోయాను.

ఇంటి పని వేరే. సున్నా నుంచి వంద దాకా భయానికి మార్కులు వేసుకోవాలి. తక్కువ భయం కలిగించేదానితో మొదలుపెట్టి పైకి వెళ్లాలి. మొదట స్టీలు గిన్నెలో ఒకే ఒక్క ఉల్లిగడ్డ, పొట్టు తీయకుండా, నా ఎదురుగా. భయం తగ్గేదాకా లేవకూడదు. మొదటి రోజు డెబ్బై నుంచి నలభైకి రావడానికి యాభై నిమిషాలు పట్టింది. ఆ యాభై నిమిషాలూ మా అత్తయ్య నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసింది, ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాతి వారం ఆవిడే వంటింట్లో తలుపు తీసిపెట్టి కోసింది, నేను హాలులో. ఆ తర్వాత నేనే కోశాను. తొమ్మిదో వారం సీ క్యాంపు రైతు బజారు. పదకొండో వారం మార్కెట్ యార్డు: వేలానికి వచ్చిన ఉల్లిగడ్డలు కుప్పలు కుప్పలుగా, చుట్టూ లారీలు, డీజిల్ పొగ. అన్న నాతో వచ్చాడు. తొంభైతో మొదలైంది, నలభై ఐదుకు వచ్చాక ఇద్దరం టీ తాగి వచ్చాం.

ఇప్పుడు లోపాలు. ఉదయం పది నుంచి ఒంటిగంట, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. పన్నెండు గంటల షిఫ్టు చేసేవాళ్లకు ఈ వేళలు ఎలా కుదురుతాయి? డ్యూటీ దిగే వేళకు కేసు వస్తే వదిలి రాలేం. అలా రెండుసార్లు తప్పిపోతే రెండుసార్లూ వెయ్యి రూపాయలు కట్టించుకున్నారు. ఇది అన్యాయమని రాసి ఇచ్చాను, డబ్బు తిరిగి ఇవ్వలేదు. మొదట్లో బయట అందరి ముందు పేరు పెట్టి పిలిచేవాళ్లు. ఒకరోజు నాకు తెలిసిన ఆసుపత్రి ఉద్యోగి అక్కడే కూర్చుని ఉన్నాడు, నేను చెమటలు పట్టి మెట్లు దిగిపోయాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. ఆ సంగతి గుర్తు చేశాక టోకెన్ నంబర్లు పెట్టారు. ఇంకొకటి, మొదటి గంటలో సగం మా పని ఏమిటో వివరించడానికే పోయింది. ఆ తర్వాత మేడమే ఒకరోజు మా బండి ఆగే చోటికి వచ్చి, లోపల ఎక్కి, నేను ఎక్కడ కూర్చుంటానో చూసి వెళ్లారు. అది ఆమె చేయవలసిన పని కాదు, చేశారు.

మేడం దగ్గర చికిత్సకు మొత్తం పన్నెండు వేలు. డాక్టరుకు, మందులకు వేరే. నా జీతానికి ఇది ఎక్కువే. అయినా వెళ్లమనే చెబుతాను. వెళ్లేవాళ్లు సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి నమోదు ఉందో లేదో అడగండి. ఇలాంటి ఘటనలకు ప్రత్యేకంగా చికిత్స ఎలా చేస్తారో అడగండి. ప్రమాదం జరిగిన మర్నాడు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కపూటలో అంతా చెప్పించేసి పంపేవాళ్లను నమ్మకండి. మాకూ ఒకసారి ఎవరో వచ్చి అలా చేశారు, నాకు ఇంకా ఎక్కువైంది. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా అలా చేయవద్దనే చెబుతున్నాయని మేడం అన్నారు. నా రికార్డు వినడం, మూడు బస్తాల దగ్గర ఆగడం, అది ఒక్కపూటలో జరిగేది కాదు.

ఇప్పటికీ వాన పడిన రోజు డీజిల్ వాసన వస్తే భయం ముప్పై దాకా వెళ్తుంది. దిగుతుంది. మాత్ర ఇంకా కొన్ని నెలలు వేసుకోవాలి.

మా పైలట్ అన్న వచ్చే గురువారం మొదటిసారి వెళ్తున్నాడు. ఆయనకు ఆ రోజు రాత్రి డ్యూటీ. మధ్యాహ్నం మూడింటికి చూడమని నేనే ఫోను చేసి అడిగాను. ఆ వేళ మూసి ఉంటుందని ముందు అన్నారు, పది నిమిషాల తర్వాత మేడమే తిరిగి చేసి సరే రమ్మన్నారు.