ఆరేళ్ల ఫైబర్ అనుభవం: పగలు 100, రాత్రి 15

2019లో తెనాలిలో మా వీధికి ఫైబర్ ఇంటర్నెట్ వచ్చినప్పుడు తీసుకున్న మూడో ఇల్లు మాది. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్ల) ప్లాన్. రాత్రి తొమ్మిదింటికి చూసినా 95కి తగ్గేది కాదు.

2020 లాక్‌డౌన్‌లో పిల్లల క్లాసులూ పెద్దల ఆఫీసులూ ఇళ్లలోకే వచ్చాయి. కరెంటు స్తంభం నిండా నల్ల తీగలే. పగలు పర్వాలేదు. రాత్రి ఎనిమిదిన్నర దాటిందా, 15!

ఫోన్ చేస్తే వచ్చిన కుర్రాడు "రౌటర్ పాతదైపోయింది సార్" అన్నాడు. రెండు వేల చిల్లర పోసి కొత్తది కొన్నాను. శుద్ధ దండగ. ల్యాప్‌టాప్‌కి నేరుగా కేబుల్ గుచ్చినా అదే 15. అతనేమో తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి 90 చూపించాడు. తర్వాత తెలిసింది, ఆ టెస్ట్ కొలిచింది వాళ్ల సొంత సర్వర్ దాకానే. బయటి సర్వర్ పెడితే గుట్టు రట్టు.

డేటా దారిలో ఏ మజిలీకి ఎంతసేపు పడుతోందో చూపే ట్రేస్‌రూట్ కొట్టి చూశాను. ఆపరేటర్ గది దాకా పగలైనా రాత్రైనా 3 మిల్లీసెకన్లే. అక్కడి నుంచి ఊరు దాటే చోట పగలు 8, రాత్రి 90. అంటే రద్దీ అక్కడే.

ఇళ్లకు ఫైబర్ ఇచ్చే జీపాన్ అనే పద్ధతిలో ఒక ఫైబర్‌ని స్ప్లిటర్‌తో (పాయలుగా చీల్చే పరికరంతో) 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. దాని డౌన్‌లోడ్ సామర్థ్యం మొత్తం సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు, అంటే దాదాపు 2,500 ఎంబీపీఎస్. 64 ఇళ్లూ ఒకేసారి లాగితే ఇంటికి 39 ఎంబీపీఎస్ కూడా రాదు. కానీ అందరూ ఒకేసారి లాగరు, బాగా స్పష్టంగా కనిపించే 4K సినిమాకైనా 25 చాలు. కాబట్టి 100 అని అమ్మడం మోసం కాదు. కనెక్షన్లు పెంచుకుంటూ పోయి, పై కంపెనీల నుంచి కొనే బ్యాండ్‌విడ్త్ (డేటా మోసే సామర్థ్యం) పెంచకపోవడమే అసలు రోగం. రెండొందల మందికి వండి వెయ్యి శుభలేఖలు పంచినట్టు.

విచిత్రమేంటంటే, ఇంటి నుంచి మా ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ చచ్చిపోయిన రాత్రి కూడా పెద్ద వీడియో యాప్ హాయిగా ఆడేది. అలాంటి కంపెనీలు వీడియోల నకళ్లు దాచే తమ క్యాష్ సర్వర్లను ఇంటర్నెట్ ప్రొవైడర్ల దగ్గరే పెడతాయి, ఆ వీడియో ఊరు దాటి రానక్కర్లేదు.

2023లో ఇంకో కంపెనీ మా వీధిలో తీగ లాగింది. నెల తిరక్కుండా మా రాత్రి స్పీడు 70కి ఎక్కింది. మా ఇంట్లో తీగ మారలేదు, డబ్బా మారలేదు!

కొత్తగా తీసుకునేవాళ్లు పక్కింట్లో రాత్రి తొమ్మిదిన్నరకి కేబుల్ పెట్టి, బయటి సర్వర్‌తో కొలిచాకే డబ్బు కట్టండి. నేనైతే వాళ్లు ఏడాది ప్లాన్‌కి రాయితీ ఇస్తామన్నా నెలనెలా కడుతున్నాను. వీధి చివర 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో గృహప్రవేశాలు మొదలయ్యాయి మరి.