గుండె దడకు రెండో అభిప్రాయం: విజయవాడ నుంచి వేలూరు దాకా

విజయవాడలో పేరున్న కార్పొరేట్ ఆసుపత్రి ఒకటి మా చిన్నక్క గుండె దడకి ‘యాంగ్జయిటీ’ అని రాసిచ్చి పంపింది. ఆ దడ ఏమిటో చెప్పే ఈసీజీ మాత్రం వాళ్ళ కేస్ షీట్లోనే పడి ఉంది. ఆ కాయితాన్ని బయటికి తీయించడానికి పడ్డ పాట్లూ, దాన్ని పట్టుకుని వేలూరు సీఎంసీకి (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి) వెళ్ళాక జరిగిన మేలూ రెండూ రాస్తున్నాను. ఉన్నట్టుండి దడ రావడం, ఆసుపత్రికి చేరేలోపే తగ్గిపోవడం, పరీక్షలన్నీ నార్మల్ అనడం, చివరికి గ్యాసనో టెన్షననో చెప్పడం... ఇది ఎన్ని ఇళ్ళలో జరుగుతోందో!

ముందు బిల్లు చూడండి. కన్సల్టేషన్ 700, ఈసీజీ 400, ఎకో 2,200, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే పరీక్ష) 1,800, 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ పరికరం) 3,500. మొత్తం 8,600 రూపాయలు, అన్నీ నార్మల్. ఎకో చూసేది గుండె కండరాన్నీ కవాటాల్నీ. టీఎంటీ ముఖ్యంగా చూసేది శ్రమ పడ్డప్పుడు గుండెకి రక్తం సరిపోతోందా లేదా అని. వచ్చిపోయే దడని పట్టుకోవడానికి ఈ జాబితాలో కాస్త పనికొచ్చేది హోల్టర్ ఒక్కటే. అదీ పెట్టుకున్న 24 గంటల్లో దడ వస్తేనే. అక్కకి రెండు మూడు వారాలకోసారి వస్తుంది. ఎన్నాళ్ళకోసారి వస్తుందని ఒక్క మాట అడిగి ఉంటే ఆ 3,500 మిగిలేవి. దడ రాని రోజు తీసిన రికార్డు చూసి ‘గుండె లయ బాగానే ఉంది’ అనడం దొంగ రాని రాత్రి కాపలా కాసి ఊళ్ళో దొంగలే లేరన్నట్టుంది. ఆ పైన యాంజియోగ్రామ్‌కి 18,000 ఎస్టిమేట్ కూడా చేతిలో పెట్టారు.

రోజూ వచ్చే దడకి 24 లేదా 48 గంటల హోల్టర్ చాలు. వారానికోసారి అయితే 7 నుంచి 14 రోజులు ఛాతీకి అంటించుకునే ప్యాచ్ అడగాలి. నెలకోసారి అయితే ఈవెంట్ రికార్డర్, దడ వచ్చినప్పటి గీతని పట్టుకునే పరికరం. ఎప్పుడో అరుదుగా వచ్చి మనిషి స్పృహ తప్పి పడిపోతుంటే చర్మం కింద పెట్టే లూప్ రికార్డర్, అది ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ఏది పెట్టుకున్నా ఆ ఉదయం ఛాతీకి నూనె, పౌడరు రాయకూడదు. మన ఎండల్లో చెమటకి ఎలక్ట్రోడ్లు ఊడితే రికార్డంతా పిచ్చిగీతలై పనికిరాకుండా పోతుంది. తొడిగేటప్పుడు పరికరంలో గడియారం మీ ఫోన్లో టైముతో సరిపోయిందో లేదో చూడండి. మీరు ‘సాయంత్రం 6:40కి దడ’ అని రాసుకుంటే, వాళ్ళు 6:40 దగ్గర చూసేది ఆ గడియారం ప్రకారమే. రిపోర్టు తీసుకునేటప్పుడు ఒక్క పేజీ సారాంశంతో సరిపెట్టుకోకుండా, దడ వచ్చినప్పుడు మీరు పరికరం మీద బటన్ నొక్కిన సమయాల ఈసీజీ స్ట్రిప్పులు కూడా అడిగి తీసుకోండి.

అసలు సంగతికొస్తాను. అంతకుముందు ఒకసారి అదే ఆసుపత్రి క్యాజువాలిటీకి అక్క దడతోనే చేరింది. టెక్నీషియన్ ఈసీజీ తీశాడు. డ్యూటీ డాక్టర్ వచ్చేసరికి దడ దానంతటదే ఆగిపోయింది. రెండో ఈసీజీ తీశారు, నార్మల్. మర్నాడు పెద్ద డాక్టర్ చూసింది ఆ రెండోదే. మొదటిది కేస్ షీట్లో ఉండిపోయింది. అడిగితే కౌంటర్లో ‘కేస్ షీటు పేషెంట్లకి ఇవ్వం’ అన్నారు. ఆ మాట చెల్లదు. 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగిగానీ రోగి తరఫు మనిషిగానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. నోటితో అడిగి వదిలేయకండి. మెడికల్ రికార్డ్స్ విభాగానికి కాయితం మీద రాసి, యూహెచ్ఐడీ (ఆసుపత్రి రోగికిచ్చే) నంబరు, చేరిన తేదీ వేసి, ‘అన్ని ఈసీజీలు, నర్సు నోట్సుతో సహా’ అని స్పష్టంగా అడగాలి. రెండో కాపీ మీద ‘ముట్టింది’ అని ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఆ ముద్ర పడేదాకా మమ్మల్ని మూడు కౌంటర్లు తిప్పారు, పడ్డాక మర్నాడే ఫోన్ వచ్చింది. జిరాక్స్ ఖర్చు కింద 300 తీసుకున్నారు. మాట తీరు మాత్రం మేమేదో వాళ్ళ ఆస్తి అడుగుతున్నట్టే ఉంది. యాంజియోగ్రామ్ గానీ సీటీ గానీ అయి ఉంటే రిపోర్టుతో పాటు సీడీ కూడా తీసుకోండి. రెండో డాక్టర్‌కి కావలసింది బొమ్మలు, మొదటి డాక్టర్ అభిప్రాయం కాదు.

ఆ ఈసీజీ మీద పైన మిషన్ తనంతట తాను ‘సైనస్ టాకికార్డియా’ అని, అంటే మామూలు లయే కాస్త వేగంగా ఉందని అచ్చువేసింది. అందుకే కాబోలు ఎవరూ రెండోసారి చూడలేదు. గళ్ళు లెక్కపెడితే సంగతి తెలుస్తుంది. కాయితం మామూలు వేగంతో, అంటే సెకనుకి 25 మిల్లీమీటర్లు నడిస్తే ఒక్కో చిన్న గడి 0.04 సెకను. పక్కపక్క పొడవాటి గీతల మధ్య ఉన్న చిన్న గళ్ళతో 1,500ని భాగిస్తే నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో వస్తుంది. అక్కది 8 గళ్ళు, అంటే 187. అదీ గడియారం కొట్టినంత సమంగా, ఒక గడి కూడా తేడా లేకుండా. గీతకి ముందు ఉండాల్సిన చిన్న గుబ్బ, పీ వేవ్, ఎక్కడా కనిపించదు. 46 ఏళ్ళ మనిషికి పరిగెత్తినప్పుడు పైకి వెళ్ళే హద్దే సుమారు 174 అని లెక్క. మంచం మీద పడుకున్న మనిషికి ఉన్నపళంగా 187 టెన్షన్ వల్ల రాదు.

ఈసీజీ కాయితం థర్మల్ కాయితం. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తారు చాలామంది. ఆ వేడికి కాయితమంతా నల్లబడి గీత కనిపించకుండా పోతుంది. ఊరికే ఉంచినా కొన్నేళ్ళకి వెలిసిపోతుంది. తీసిన రోజే జిరాక్సులు తీయించి, ఫోన్లో నేరుగా పైనుంచి ఫొటో తీసి పెట్టుకోండి.

ఒంగోలు నుంచి కాట్పాడికి శబరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాం. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు మీదుగా పోతుంది. ప్రయాణం గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు. కాట్పాడి నుంచి వేలూరు ఊళ్ళోకి ఆటో 250 తీసుకున్నాడు.

బస దగ్గరే మోసపోయాం. గాంధీ రోడ్డు పక్క సందులో ఒక లాడ్జివాడు ఫోన్లో చెప్పింది: లిఫ్టు ఉంది, 24 గంటల చెకౌట్, ఆసుపత్రికి రెండు నిమిషాల నడక, రోజుకి 900. రెండు రోజుల అడ్వాన్సు 1,800 ఫోన్‌పేలో వేయించుకున్నాడు. తీరా వెళ్తే లిఫ్టు తలుపుకి తాడు కట్టి ఉంది, గది మూడో అంతస్తులో. దడ మనిషిని మూడంతస్తులు ఎక్కిస్తారా అని అమ్మ మెట్ల దగ్గరే గొడవకి దిగింది. ఇక సాయంత్రం 4కి దిగిన మాకు మర్నాడు మధ్యాహ్నం 12కే ఒక రోజు అయిపోయిందన్నాడు. ‘24 గంటలు’ అన్నది మాట వరకే, రసీదు మీద లేదు. రెండు నిమిషాల నడక అన్నది ఊళ్ళో ఉన్న పాత సీఎంసీ క్యాంపస్‌కి. అక్క అపాయింట్‌మెంట్ రాణిపేట క్యాంపస్‌లో. అది ఊరి బయట, చెన్నై–బెంగళూరు హైవే మీద, రత్నగిరి వైపు. కాబట్టి అపాయింట్‌మెంట్ స్లిప్పు చేతికొచ్చి, దాని మీద ఏ క్యాంపస్ అని రాసుందో చూశాకే గది మాట్లాడుకోండి. అడ్వాన్సు ఒక్క రోజుకి మించి వేయకండి. లిఫ్టు పనిచేస్తున్నట్టు వీడియో పంపమని అడగండి, నిజంగా ఉన్నవాడు పంపుతాడు.

రెండో లాడ్జి రోజుకి 1,100. గదిలోనే చిన్న వంటగట్టు, గ్యాసు పొయ్యి అద్దె 100. వేలూరులో ఇలాంటి గదులు చాలా ఉన్నాయి, నెలల తరబడి ఉండే బెంగాలీ కుటుంబాలు ఎక్కువ కాబట్టి. యజమాని చిత్తూరు తెలుగు మాట్లాడాడు. అమ్మ చారు పెట్టి అన్నం వండాక గానీ ఆవిడ కోపం దిగలేదు.

సీఎంసీలో అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్లోనే తీసుకోవచ్చు. జనరల్, ప్రైవేట్ అని రెండు రకాల ఓపీలు ఉంటాయి. ప్రైవేట్‌లో ఫీజు ఎక్కువ. మొదటిసారి ఇచ్చే ఆసుపత్రి నంబరు జాగ్రత్త, తర్వాత ప్రతి కౌంటర్లో అదే అడుగుతారు. రోజంతా పడుతుందనే లెక్కతో వెళ్ళండి.

డాక్టర్‌గారు ఫైలు తెరవకముందు అడిగిన ప్రశ్నలు నాలుగు. దడ స్విచ్ వేసినట్టు మొదలవుతుందా, మెల్లగా పెరుగుతుందా? ఆగేటప్పుడు ఠక్కున ఆగుతుందా? ఆ సమయంలో మెడ దగ్గర, గొంతులో ఏదో కొట్టుకుంటున్నట్టు ఉంటుందా? ఆగిపోయాక మూత్రం ఎక్కువగా వస్తుందా? చివరి ప్రశ్నకి అక్క ఆశ్చర్యపోయి మా వైపు చూసింది. ఆ మాట తను ఎవరికీ చెప్పలేదు, గుండెకీ దానికీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు? పైగదులూ కిందిగదులూ ఒకేసారి ముడుచుకున్నప్పుడు, మూసుకున్న కవాటం మీద పైగది కొట్టి రక్తం మెడ సిరల్లోకి ఎగదన్నుతుంది. పైగది సాగినప్పుడు విడుదలయ్యే హార్మోను మూత్రాన్ని ఎక్కువ చేస్తుంది. ఈ రెండు గుర్తులూ ఉండి, పైన ఆ ఈసీజీ చూశాక ఏవీఎన్ఆర్‌టీ అని చెప్పారు. అంటే గుండె పైగదుల నుంచి కిందిగదులకి కరెంటు దాటే చోటు, ఏవీ నోడ్, దగ్గర పుట్టుకతో ఉన్న రెండు దారుల మధ్య కరెంటు గిరగిరా తిరగడం. ఆడవాళ్ళలో ఎక్కువ. ఈ రకం దడల మీద 1997లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో సగానికి పైగా రోగులకి మొదటి పరీక్షల్లో జబ్బు దొరకలేదు, ఆడవాళ్ళకే ఎక్కువగా పానిక్ అని ముద్ర వేశారు. యాంజియోగ్రామ్ మాట ఇక ఎత్తనే లేదు.

దడ వచ్చినప్పుడు చేయడానికి ఒక పద్ధతి చూపించారు, బ్రిటన్‌లో 2015లో పరీక్షించి చూసినది. 10 మిల్లీలీటర్ల సిరంజి మూతిలోకి పిస్టన్ కదిలేంత గట్టిగా 15 సెకన్లు ఊదాలి, కాస్త వాలి కూర్చుని. ఆపగానే పక్కవాళ్ళు వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు 45 డిగ్రీలు పైకెత్తి 15 సెకన్లు పట్టుకోవాలి. మామూలుగా ఊదితే 17 శాతం మందిలో దడ ఆగితే, ఇలా చేస్తే 43 శాతం మందిలో ఆగింది. ఆగకపోతే ఆసుపత్రికే. అక్కడ చెప్పాల్సిన మాట ఒకటే: ‘ఇంజక్షన్ ఇచ్చే ముందు ఈసీజీ తీయండి, ఇస్తుండగా కూడా తీయండి.’ దడ ఆపడానికి ఇచ్చే ఆ ఇంజక్షన్, అడినోసిన్, పనిచేసే ఆ కొన్ని సెకన్ల గీత చాలా విలువైనది.

శాశ్వత వైద్యం ఈపీ స్టడీ (గుండెలో కరెంటు దారుల్ని లోపలినుంచి చూసే పరీక్ష), అబ్లేషన్. తొడ దగ్గర సిర ద్వారా తీగలు పంపి అనవసరమైన దారిని కాల్చేస్తారు. ఈ రకంలో 95 శాతం పైనే విజయం. నూటికి ఒకరికో అంతకంటే తక్కువ మందికో పేస్‌మేకర్ అవసరం పడొచ్చు, ఆ మాట సంతకానికి ముందే అడిగి తెలుసుకోండి. ఎస్టిమేట్లు పోల్చేటప్పుడు త్రీడీ మ్యాపింగ్ (కంప్యూటర్ మీద గుండె లోపలి బొమ్మ గీసి చూసే పద్ధతి) కలిపారా లేదా చూడండి. మామూలు ఏవీఎన్ఆర్‌టీని అది లేకుండానే చేయగలరు, బిల్లులో పెద్ద తేడా అక్కడే వస్తుంది. దడ మాత్రలు ముందుగా ఎన్ని రోజులు ఆపాలో వాళ్ళే చెబుతారు. వాటిలో నాడి వేగం తగ్గించే బీటా బ్లాకర్‌ని సొంతంగా ఒక్కసారిగా ఆపేయకూడదు.

నిలబడితేనే దడ, కళ్ళు తిరగడం ఉన్నవాళ్ళది వేరే దారి. పడుకుని నాడి, బీపీ చూసి, లేచి కదలకుండా నిలబడి పది నిమిషాల పాటు చూసి రాసుకుని తీసుకెళ్ళండి, పక్కన ఒకరు ఉండాలి. బీపీ పడిపోకుండా నాడి నిమిషానికి 30 పైన పెరిగి అలాగే ఉంటే పాట్స్ (నిలబడితే నాడి బాగా పెరిగిపోయే జబ్బు) గురించి అడగాలి. పిల్లలకైతే, 12 నుంచి 19 ఏళ్ళ మధ్య, ఆ హద్దు 40. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు వెళ్ళేముందే మన ఊళ్ళో చేయించుకుంటే ఒక రోజు కలిసొస్తుంది. యాంజియోగ్రామ్ నార్మల్ వచ్చినా నొప్పి తగ్గనివాళ్ళు, చిన్న రక్తనాళాల జబ్బు, నాళం బిగుసుకోవడం ఈ రెండిటి గురించీ పేరు పెట్టి అడగాలి.

డబ్బు ఇబ్బంది ఉంటే వేలూరు కంటే ముందు పుట్టపర్తి. 1991లో మొదలైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో వైద్యానికి డబ్బు తీసుకోరు. పాత రిపోర్టులు, ఆధార్ తీసుకుని తెల్లవారుజామునే చేరుకోవాలి. హైదరాబాద్ దగ్గరివాళ్ళకి పంజాగుట్ట నిమ్స్, రాయలసీమవాళ్ళకి తిరుపతి స్విమ్స్ ఉన్నాయి. ఎక్కడికెళ్ళినా గుండె లయ చూసే ఎలక్ట్రోఫిజియాలజీ డాక్టర్ ఏ రోజు ఓపీలో కూర్చుంటారో ఫోన్ చేసి కనుక్కోండి. స్టెంట్లు వేసే కార్డియాలజిస్టు వేరు, ఈయన వేరు.

పరిగెత్తుతుండగా స్పృహ తప్పినవాళ్ళు, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళున్న కుటుంబాలు, దడతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నవాళ్ళు రైలు టికెట్లు చూసుకుంటూ కూర్చోకూడదు. దడ, నొప్పి, ఆయాసం జరుగుతున్నప్పుడైతే 108కి ఫోన్ చేసి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికే వెళ్ళాలి. ఇప్పుడు తగ్గిపోయి ఉన్నా ఆ రోజే గుండె డాక్టర్‌కి చూపించుకోవాలి.