పెద్ద స్టీలు ఫిల్టర్, సంక్రాంతి చుట్టాలు: ఏళ్ళ వాడకం తర్వాత

ఈ కాఫీ ఫిల్టర్ విజయనగరం గంటస్తంభం దగ్గర స్టీలు సామాన్ల కొట్లో 2017 సంక్రాంతికి ముందు కొన్నాను. పన్నెండు కప్పులదని ఇచ్చారు. రోజువారీ మా ఇద్దరికీ చిన్న ఫిల్టర్ వేరే ఉంది. ఈ పెద్దది మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజుల్లోనూ, పెళ్ళిళ్ళప్పుడూ దించుతాను. అసలు వాడకం మాత్రం భోగి ముందు రోజు నుంచి ముక్కనుమ దాకా. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మా ఇంట్లో చుట్టాలూ కదలరు. ఆడపడుచులు, వాళ్ళ పిల్లలు, హైదరాబాద్ నుంచి దిగిన మరిది కుటుంబం, వీళ్ళని చూడ్డానికి వచ్చేపోయే వాళ్ళు. ఆ అయిదు రోజులూ పొయ్యి మీంచి పాలగిన్నె దిగదు. అంత రద్దీలో కూడా ఒక్కో గ్లాసూ విడిగా కలిపి వేడిగా ఇవ్వగలుగుతున్నానంటే ఈ ఫిల్టర్ వల్లే.

మా వైపు మామూలు రోజుల్లో టీయే ఎక్కువ. బజార్లో నిలబడి తాగేది టీ. పండక్కి ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు మాత్రం గుమ్మంలోనే చెప్పేస్తారు: "టీ వద్దమ్మా, కాఫీ అయితే ఒక్క గుక్క ఇయ్యి." అలా అడిగిన మనిషికి చప్పటి కాఫీ ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. ఈ సమీక్ష ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

ముందు ఫిల్టర్ సంగతి. పై గిన్నె అడుగున సన్నటి చిల్లులు, దాని కింద డికాషన్ దిగే గిన్నె, పొడి మీద అదిమిపెట్టడానికి కాడ ఉన్న చిల్లుల బిళ్ళ, పైన మూత. ఇంతే. కరెంటు వద్దు, కాగితం వద్దు. నేను వేసే లెక్క వంద గ్రాముల పొడికి ఆరు వందల మిల్లీలీటర్ల నీళ్ళు. పొడి తన బరువుకి రెట్టింపు దాకా నీళ్ళు పట్టుకుని ఉంచేస్తుంది కాబట్టి కిందికి దిగేది నాలుగు వందలు. గ్లాసుకి ముప్ఫై అయిదు చొప్పున పోస్తే పదకొండు కాఫీలు వస్తాయి. పన్నెండు కప్పులు అన్నది కొట్లో మాట, నేను మాత్రం పదికే లెక్క వేసుకుంటాను. పొడి తగ్గించి నీళ్ళు పెంచితే ఎన్ని కప్పులైనా వస్తాయి, కానీ అది కాఫీ రంగు పాలే.

నీళ్ళు మరిగాక పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగుతాను. మొదట పొడి తడిసేంత మాత్రమే, అంచు నుంచి గుండ్రంగా పోస్తాను. పొడి తాజాగా వేయించి ఆడించినదైతే అప్పుడే తెలిసిపోతుంది. మీద బుడగలు లేస్తాయి, మధ్యలో పొడి ఉబ్బి చిన్న చీలికలు పడుతుంది, వంటిల్లంతా వాసన. వేయించిన గింజలో ఉండే గాలి బయటికి వచ్చేది ఆ క్షణంలోనే. ఉబ్బకుండా బురదలా కూర్చుండిపోయిందంటే పొడి పాతదని అర్థం, ఇక ఏం చేసినా లాభం లేదు. ఉబ్బు దిగాక మిగతా నీళ్ళు రెండు విడతలుగా పోసి మూత పెట్టి వదిలేస్తాను. పెద్ద ఫిల్టర్ కదా, పూర్తిగా దిగడానికి ముప్పావు గంట పడుతుంది. అందుకే భోగి నాటి డికాషన్ ముందు రాత్రి పడుకునే ముందే వేసేస్తాను. తెల్లవారుజామున మంట దగ్గర నుంచి అందరూ చలికి చేతులు రుద్దుకుంటూ లోపలికి వచ్చేసరికి కాచాల్సింది పాలు ఒక్కటే.

కొత్తగా కొన్నవాళ్ళకి టెన్షన్ పెట్టే విషయం ఒకటుంది. నీళ్ళు పోసి పది నిమిషాలైనా చుక్క దిగదు. చిల్లులు మూసుకుపోయాయనుకుని చాలామంది బిళ్ళ పైకి లాగి పొడిని చెంచాతో కెలికేస్తారు, దాంతో మడ్డి కిందికి వచ్చేస్తుంది. చాలాసార్లు అసలు కారణం గాలి. పై గిన్నె కింది గిన్నెలో మరీ బిగుతుగా కూర్చుంటే కింది గాలి బయటికి పోయే దారి ఉండదు. దారి లేకపోతే డికాషన్ దిగదు. గుడ్డతో పట్టుకుని పై గిన్నెని కాస్త పైకెత్తి వదలండి, చిన్న చప్పుడుతో గాలి బయటికొచ్చి వెంటనే చుక్కలు మొదలవుతాయి. గుడ్డ తప్పనిసరి, స్టీలు చెయ్యి కాల్చేస్తుంది. ఈ ఫిల్టర్‌లో నాకు నచ్చని అంశం కూడా ఇదే, పట్టుకోవడానికి చెవులు లేవు.

పొడి గురించి ఎక్కువ చెప్పాలి. మెత్తగా ఆడిస్తే చిల్లుల్లో ఇరుక్కుంటుంది, బరకగా ఆడిస్తే నీళ్ళు ఊరకే జారిపోతాయి. బొంబాయి రవ్వ కంటే సన్నం, పిండి కంటే గరుకు, అలా అడగండి. అరకు మాకు ఎంత దూరమని! శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటీ ఎక్కితే సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలే, ఆ చెట్లకి మిరియాల తీగలు. అక్కడ పండే అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. గిరిజన సహకార సంస్థ పాకెట్లు ఊళ్ళో దొరుకుతాయి, నేను చాలా ఏళ్ళుగా అదే పొడి వాడుతున్నాను. సంక్రాంతికి కొండ మీద పళ్ళు ఇంకా కోస్తూనే ఉంటారు. వాటిని ఆరబెట్టి, పప్పు తీసి, వేయించి మన దాకా వచ్చేసరికి నెలలు పడుతుంది. పండక్కి మనం తాగేది పోయినేడాది పంటే. కాబట్టి పంట ఎప్పటిదని అడగడం కంటే వేయించిన తేదీ చూడటం ముఖ్యం.

అరకు అరబికా ఒక్కటే వేస్తే వాసన బాగుంటుంది, కాస్త పులుపు జీర కూడా ఉంటుంది. నల్ల కాఫీకి అది చాలు. మన చిక్కటి పాలలో పడితే మాత్రం తేలిపోతుంది. పండగ రోజుల్లో నేను మూడొంతుల అరబికాకి ఒక వంతు రోబస్టా అనే ఇంకో రకం కాఫీ కలిపి ఆడిస్తాను, ఆ మొత్తంలో చికోరీ నూటికి పదిహేను దాటనివ్వను. రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు, పాలకి తట్టుకుని నిలబడే చేదు దానిదే. చికోరీ ఒక మొక్క వేరు. వేయించి పొడి చేస్తారు, కెఫీన్ ఉండదు, రంగూ చిక్కదనమూ ఇస్తుంది. అది తప్పేమీ కాదు, ఎంత వేశారో చెప్పాలి అంతే. చట్టం ప్రకారం కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, చికోరీ ఎంతో పాకెట్ మీద వేయాలి. ఒక పండక్కి ఇక్కడే ఒక కొట్లో విడిగా తీసుకున్న పొడి స్వచ్ఛమైన కాఫీ అని చెప్పి ఇచ్చారు. ఇంటికొచ్చి గాజు గ్లాసులో చన్నీళ్ళు పోసి మీద అర చెంచా చల్లాను. కాఫీ పొడి అయితే కాసేపు తేలుతుంది. ఆ పొడిలో సగం వెంటనే అడుగుకి దిగింది, దిగిన దారంతా ఎర్రటి గీతలు. అది చికోరీ. వాపసు ఇచ్చేశాను. మీరు కూడా పండగ సరుకు పెద్ద మొత్తంలో కొనే ముందు ఇది చేసి చూడండి, ఒక్క నిమిషం పని.

ఇక కలపడం. డికాషన్ వేరుగా, పాలు వేరుగా ఉండాలి. మనిషి వచ్చాకే గ్లాసులో కలపాలి. గిన్నెడు కాఫీ ఒక్కసారే కలిపేసి మళ్ళీ మళ్ళీ వేడి చేస్తే డికాషన్ మరిగి చేదెక్కుతుంది, వాసన పోతుంది. విడివిడిగా ఉంటే ఎవరి కాఫీ వాళ్ళకి ఇవ్వొచ్చు. మా పెద్దత్తకి షుగర్, ఆవిడకి పంచదార లేకుండా చిక్కగా. మావయ్యకి స్ట్రాంగు, నురుగు తప్పనిసరి. పిల్లలకి రంగు మారేంత చుక్క వేసిన పాలు. పోయిన సంక్రాంతికి మా పెద్దాడపడుచు ఒక గుక్క తాగి, "ఏటే, నాకెలా కావాలో ఇంకా గుర్తుందా నీకు" అంది. నాకు ఆ మాట చాలు.

చల్లారిన డికాషన్‌ని నేరుగా పొయ్యి మీద పెట్టొద్దు. వేడినీళ్ళ గిన్నెలో కింది గిన్నె దించితే చాలు. చలికాలం స్టీలు గ్లాసులు మంచులా ఉంటాయి, వాటిని కూడా ఒకసారి వేడినీళ్ళతో తొలిపితే కాఫీ చివరి గుక్క దాకా వేడిగా ఉంటుంది. ముందు పంచదార, తర్వాత డికాషన్, ఆపైన మరిగే పాలు. గ్లాసులోంచి డబరాలోకి ఎత్తి రెండుసార్లు పోస్తే నురుగు కడుతుంది, అంతకంటే ఎక్కువ పోస్తే చల్లారిపోతుంది. పాలు ఒకసారి పొంగాక సన్నటి సెగ మీద ఉంచి మధ్యమధ్యలో కలుపుతూ ఉండాలి, మీగడ కట్టకుండా. పదిమందికి లీటరు పాలు సరిపోతాయి.

అరిసెలు, పాకుండలు పెట్టి వెంటనే కాఫీ ఇస్తే మాత్రం ఎంత పంచదార వేసినా "తీపి చాల్లేదమ్మా" అంటారు. బెల్లం తిన్న నాలుకకి కాఫీ చేదుగానే తగులుతుంది. కాఫీతో జంతికలు, చేగోడీలు పెట్టండి. అరిసెల పళ్ళెం తర్వాత తిప్పండి.

ఫ్లాస్కు గురించి కూడా అడుగుతుంటారు. లీటరు స్టీలు ఫ్లాస్కు నా దగ్గర ఉంది, అందులో డికాషన్ మాత్రమే పోస్తాను. మూడు గంటల దాకా బాగుంటుంది, ఆ తర్వాత కమురు చేదు మొదలవుతుంది. కలిపిన కాఫీ అందులో పోస్తే గంటకే పాల వాసన మారుతుంది. పైగా గోరువెచ్చగా దిగిపోయిన పాలు పాడయ్యే అవకాశం ఎక్కువ, పిల్లలూ ముసలివాళ్ళూ ఉన్న ఇంట్లో అది మంచిది కాదు. మూతలో రబ్బరు రింగు ఊడదీసి వంటసోడాతో కడగకపోతే వాసన పట్టేస్తుంది.

మరిది తెచ్చిన కరెంటు కాఫీ మెషీన్ కూడా ఇంట్లో ఉంది. నల్ల కాఫీ తాగేవాళ్ళకి పరవాలేదు. దాని డికాషన్ పలచన, పాలలో నిలబడదు. కింద వేడి పలక ఉండటంతో అరగంటలో మాడు వాసన. భోగి తెల్లవారుజామున కరెంటు పోతే అదీ లేదు.

ఇత్తడి ఫిల్టర్ మా అత్తగారిది ఉంది. మా పక్క శ్రీకాకుళం జిల్లా బుడితి ఊరి కంచు, ఇత్తడి సామాను పుట్టిన నేల మీద ఉన్నాం, ఇత్తడి అంటే మమకారం ఎలాగూ ఉంటుంది. డికాషన్ వేడి అందులో ఎక్కువసేపు నిలుస్తుంది, అది నిజం. కాకపోతే కాఫీలో పులుపు ఉంటుంది కాబట్టి లోపల కళాయి, అంటే తగరం పూత, చెక్కు చెదరకూడదు. కళాయి వేసేవాళ్ళు ఇప్పుడు వెతికితే గాని దొరకడం లేదు. అందుకే పండగ రద్దీకి స్టీలే తీస్తాను.

ఇన్నేళ్ళలో స్టీలు తుప్పు పట్టలేదు, సొట్ట పడలేదు. చిల్లులు మాత్రం చూసుకోవాలి. కాఫీలో నూనె ఉంటుంది, అది చిల్లుల్లో పేరుకుంటుంది. సబ్బుతో తోమాక వెలుతురుకి ఎత్తి చూస్తే ఏవి మూసుకున్నాయో కనిపిస్తాయి. వేడినీళ్ళలో చెంచాడు నిమ్మ ఉప్పు వేసి రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో కింది వైపు నుంచి రుద్దుతాను. బోరు నీళ్ళ తెల్లపూత కూడా దాంతో పోతుంది. మా అత్తగారు పై గిన్నెని నేరుగా మంట మీద బోర్లించి మడ్డి కాల్చేసేవారు. అదీ పనిచేస్తుంది, స్టీలు మీద నీలం మచ్చ పడుతుంది అంతే.

కొనేటప్పుడు కొట్లోనే రెండు గిన్నెలూ కలిపి తిప్పి చూడండి. వదులుగా ఆడితే ఆవిరి పోయి డికాషన్ చల్లారుతుంది, అంటుకుపోతే గాలి ఇరుక్కుంటుంది. పై గిన్నెలో నీళ్ళు పోసి చిల్లులన్నిటి నుంచీ సమంగా కారుతున్నాయా చూడండి. బిళ్ళ కాడ ఊగకూడదు. దొరికితే చెవులున్నది తీసుకోండి. ఇద్దరు ముగ్గురే ఉండే ఇంటికి రోజువారీ వాడకానికి ఇంత పెద్దది వద్దు. పొడి తక్కువైతే అడుగున పలచగా పరుచుకుని నీళ్ళు నిలవకుండా దిగిపోతాయి, డికాషన్ నీళ్ళలా వస్తుంది.