మైక్రోవోల్టులు చూపుతుందని నమ్మి మీటర్ కొన్నాను, బ్యారన్‌లో ఆకు పాడైంది: కొనేవాళ్లు జాగ్రత్త

మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు బ్యారన్లకు, అంటే ఆకును వేడితో ఎండబెట్టే గదులకు, టెంపరేచర్ మీటర్లు బిగిస్తాను, రిపేర్లు చేస్తాను. సెన్సర్లు చెక్ చేసుకోవడానికి ఈ సీజన్ ముందు 1,450 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక డిజిటల్ మల్టీమీటర్ తెప్పించాను. 10 మైక్రోవోల్టుల తేడా కూడా పట్టేస్తుందని ప్రకటనలో ఉంది. అది నమ్మి మా బావ బ్యారన్‌లో ఆకు పాడుచేశాను.

కె టైప్ సెన్సర్ అంటే రెండు రకాల లోహపు తీగల కొనలు కలిపి చేసిన వేడి కొలిచే సెన్సర్; లోపలి వేడికీ బయటి వేడికీ మధ్య ఒక్కో డిగ్రీ తేడాకు దాదాపు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. కాబట్టి 10 మైక్రోవోల్టులు చూపే మీటరైతే పావు డిగ్రీ కూడా తెలియాలి. నా ఆశ అదే.

ఆ రాత్రి ఈనె ఎండే దశ. లోపల 70 డిగ్రీలు ఉండాలి. బ్యారన్ వేడి చూపే ప్యానెల్ 70 చూపిస్తున్నా బావకు అనుమానం వచ్చి నన్ను పిలిచాడు. బయట 30 డిగ్రీలుంది. సెన్సర్ వైర్లకు కొత్త మీటర్ పెడితే 1.9 మిల్లీవోల్టులు వచ్చింది. అంటే 1,900 మైక్రోవోల్టులు. 41తో భాగిస్తే 46, బయటి 30 కలిపితే 76. వేడి ఎక్కువైంది, ప్యానెలే తప్పు అని చెప్పాను. బావ పొయ్యిలో కట్టెలు బయటికి లాగేశాడు.

ప్యానెల్ కరెక్టే. వేడి తగ్గేసరికి ఈనెలో మిగిలిన తడి ఆకులోకి దిగింది. దించి చూస్తే ఈనెకు రెండు పక్కలా నల్లటి చారలు. "ఏందిరా ఇది" అన్నాడు బావ. ఇంకో మాట అనలేదు. వేలం కేంద్రంలో ఆ బేళ్లకు గ్రేడ్ పడిపోయింది.

మర్నాడు మీటర్ రెండు కొనలూ ఒకదానికొకటి ఆనించి చూశాను. సున్నా రావాలి. 0.2 వచ్చింది, ఒక్కోసారి 0.3. తీసి మళ్లీ ఆనించినా అంతే. 0.2 మిల్లీవోల్టులంటే 200 మైక్రోవోల్టులు, మన లెక్కలో దాదాపు 5 డిగ్రీలు! పైగా దాని చివరి అంకె 0.1 మిల్లీవోల్ట్ దగ్గరే ఆగిపోతుంది. అంటే 100 మైక్రోవోల్టులు, రెండున్నర డిగ్రీలు. అంతకన్నా చిన్న తేడా ఆ మీటర్‌కు కనపడదు.

మరి 10 అని ఎలా రాశారు? పెట్టెలోని కాగితం తీసి చూస్తే తెలిసింది: '1 మిల్లీవోల్ట్ = 100 మైక్రోవోల్టులు' అని అచ్చేశారు. తప్పు, వెయ్యి. వోల్ట్‌లో వెయ్యో వంతు మిల్లీ, అందులో వెయ్యో వంతు మైక్రో. మెట్టు దిగినప్పుడల్లా మూడు సున్నాలు. ఒక వోల్ట్‌కు పది లక్షల మైక్రోవోల్టులు. ఒక్క సున్నా ఎగరగొట్టి, 0.1 మిల్లీవోల్ట్‌ను 10 మైక్రోవోల్టులుగా లెక్కేసి, మీటర్‌ను పది రెట్లు గొప్పదిగా చూపించారు.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "మా చార్ట్ కరెక్టే సార్, 7 రోజులు దాటింది, వాపసు తీసుకోం" అన్నారు. కాగితం, ప్రకటన ఫొటోలు దాచిపెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను.

మీరు కొనేముందు ప్రకటనలో పెద్ద అక్షరాలు వదిలేసి, మిల్లీవోల్ట్ రేంజ్‌లో చివరి అంకె ఎంతో అడగండి. డయల్ ఫొటో పెద్దది చేసి చూడండి. తోక ఉన్న గ్రీకు అక్షరం 'మ్యూ' (µ) మైక్రోకు గుర్తు. నా మీటర్‌లో అది ఆంపియర్ల వైపు మాత్రమే ఉంది, వోల్టుల వైపు లేదు. నేను అది ముందే చూసుకోవాల్సింది.

వచ్చిన రోజే కొనలు ఆనించి సున్నా వస్తుందో లేదో చూడండి. తర్వాత సెన్సర్‌ను మరిగే నీళ్లలో పెట్టండి. బయట 30 డిగ్రీలుంటే దాదాపు 2.89 మిల్లీవోల్టులు, అంటే 2,890 మైక్రోవోల్టులు రావాలి. రాకపోతే వాపసు గడువు లోపలే తిప్పి పంపేయండి. బ్యారన్ పనికే అయితే ఈ లెక్కల బాధ లేకుండా, కె టైప్ సెన్సర్ తగిలించి నేరుగా డిగ్రీలు చూపే థర్మామీటర్ కొనుక్కోండి. నేనిప్పుడు అదే వాడుతున్నాను.