నిధుల తీరంలో మూడు రోజులు, ఏడు డాలర్లు

మెటల్ డిటెక్టర్ కొన్నానని తెలియగానే నరసరావుపేట నుంచి మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఈసారి వచ్చేటప్పుడు ఆ మిషన్ పట్టుకురా. కొండవీడు వైపు లంకెబిందెలున్నాయని మా తాత చెప్పేవాడు." తీసుకురానని చెప్పేశాను. భూమిలో దాచినది ఏదైనా పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి చెప్పి తీరాలని 1878లో చేసిన చట్టం మన దగ్గర ఉంది. పైగా కోటల దగ్గరా పాత గుళ్ళ దగ్గరా గుప్తనిధులని తవ్వినవాళ్ళు చివరికి జిల్లా ఎడిషన్‌లో, ముఖాలకు తువ్వాళ్ళు కట్టుకుని, పోలీసుల మధ్య కనిపిస్తారు.

నేనుండేది ఫ్లోరిడాలో, టాంపాలో. ఇక్కడైనా మిషన్ పట్టుకుని ఎక్కడ పడితే అక్కడ తిరగడానికి లేదు. కొన్నాక రెండు నెలలు అది గ్యారేజీలోనే ఉంది. ఏ పార్కులో ఎవరు అరుస్తారో అని టెన్షన్. జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కలిసొచ్చి మూడు రోజులు దొరికితే, మా ఆవిడా నేనూ తూర్పు తీరానికి బయల్దేరాం.

నా మొదటి ప్లాన్ ప్లేయలిండా బీచ్. కెన్నెడీ స్పేస్ సెంటర్ పక్కనే, జనం తక్కువ, చూడ్డానికి బ్రహ్మాండం. ముందురోజు రాత్రి మా ఆవిడ రూల్స్ చదివి వినిపించింది. అది కనావరల్ నేషనల్ సీషోర్‌లో భాగం, అంటే కేంద్ర ప్రభుత్వపు నేషనల్ పార్క్ వ్యవస్థ కిందిది. అక్కడ డిటెక్టర్ వాడటమే కాదు, వాడటానికి సిద్ధంగా దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. విడగొట్టి, కట్టేసి డిక్కీలో పెట్టాలి. కొత్తవాళ్ళకి నేను మొట్టమొదట చెప్పేది ఇదే: ఖాళీగా, అందంగా ఉన్న చోటు కనిపిస్తే ముందు అది ఎవరిదో కనుక్కోండి.

అలా కోకో బీచ్‌కి వెళ్ళాం. టాంపా నుంచి రెండున్నర గంటలు, మధ్యలో టోల్. పార్కింగ్‌కి డబ్బులు కట్టాలి కానీ బాత్రూములు, ఇసుక కడుక్కునే షవర్లు ఉన్నాయి. ఈ పనికి అవే అసలు వసతి. పొద్దున్న ఆరున్నరకి దిగాను. చలిగాలి. తడి ఇసుక మీద విలువైనవి ఉంటాయని ఎక్కడో విని నేరుగా అలల దగ్గరికి పోయాను. నాది ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే చవక రకం. ఉప్పునీటి ఇసుక కూడా దానికి లోహంలాగే వినిపిస్తుంది. కర్ర చివర ఉండే గుండ్రటి కాయిల్ కింద పెడితే చాలు, నిద్ర చెడిన పసిపిల్లాడిలా ఒకటే గోల. అరగంటలో ఆరు గోతులు తవ్వాను, ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు.

డెబ్బై దాటిన ఓ పెద్దాయన నన్ను చూసి నవ్వుకుంటూ వచ్చాడు. ఆయన భుజానా ఓ మిషన్. "జనం తువ్వాళ్ళు పరుచుకునే చోటికి పో" అని పొడి ఇసుక వైపు చూపించాడు. పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఆగే గీతకీ దిబ్బలకీ మధ్య పట్టీ అది. జనం కూర్చుంటారు, పడుకుంటారు, జేబులు బోర్లపడతాయి. వాలీబాల్ నెట్ కిందా, లైఫ్‌గార్డు బల్ల చుట్టూ ఇంకా ఎక్కువట.

వాలీబాల్ నెట్ దగ్గర గంట గణగణమన్నట్టు మొదటి మోత వచ్చింది. అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి ఊపాను. రెండుసార్లూ అదే మోత, మిషన్ తెర మీద లోహాన్ని బట్టి వచ్చే అంకె కూడా అదే. జల్లెడలాంటి స్కూప్‌తో బెత్తెడు లోతు తీసి దులిపితే అడుగున ఓ క్వార్టర్, నల్లబడి, వాషింగ్టన్ ముక్కు మాత్రం మెరుస్తూ. పావు డాలరుకి అంత సంతోషపడతానని అనుకోలేదు. తర్వాత మూడు గంటల్లో ఇంకా చాలా క్వార్టర్లు, కొన్ని డైములు (పది సెంట్ల నాణేలు), ఓ బొమ్మ కారు, లెక్కలేనన్ని సీసా మూతలు, కూల్‌డ్రింక్ డబ్బా మీద లాగే రింగులు. ఆ రింగులతోనే వచ్చింది చిక్కు. బంగారు ఉంగరానికీ వాటికీ తెర మీద ఇంచుమించు అదే అంకె వస్తుంది. విసుగుపుట్టి వదిలేస్తే బంగారాన్నీ వదిలేసినట్టే. పెన్నీల (ఒక సెంటు నాణేల) సంగతి సరేసరి. 1982 నుంచి వాటిలో రాగి పైపూతే, లోపలంతా జింక్. ఉప్పు తగిలితే చెదలు తిన్నట్టు అంచులు రాలిపోతాయి.

రెండో రోజు ఏ1ఏ రోడ్డు మీద దక్షిణంగా గంట దూరం, సెబాస్టియన్ ఇన్‌లెట్ స్టేట్ పార్క్. ట్రెజర్ కోస్ట్, అంటే నిధుల తీరం, అనే పేరు వచ్చిన చోటు ఇదే. 1715 జూలై చివర్లో క్యూబా నుంచి వెండి బంగారాలతో స్పెయిన్‌కి పోతున్న 12 ఓడల్లో 11 తుఫానుకి ఇక్కడే మునిగాయి. బతికి బయటపడ్డవాళ్ళు గుడారాలేసుకున్న చోట ఇప్పుడు మెక్‌లార్టీ ట్రెజర్ మ్యూజియం ఉంది. చిన్నదే, గంటలో అయిపోతుంది, కానీ తప్పకుండా చూడండి. కిప్ వాగ్నర్ అనే ఇళ్ళు కట్టే ఆయన, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం అమ్మేసిన, మందుపాతరలు వెతికే పాత మైన్ డిటెక్టర్ ఒకటి కొని ఈ శిబిరం చోటు పట్టుకున్నాడు. సరిగ్గా గుండ్రంగా లేని, సుత్తితో కొట్టిన ఆ వెండి నాణేలు చూశాక నాకు ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు.

గేటు దగ్గర రేంజర్‌ని అడిగితే ఓపిగ్గా చెప్పింది. దిబ్బల మొదలు నుంచి నీటి అంచు దాకా తిరగొచ్చు. దిబ్బలెక్కకూడదు, నీళ్ళలో దిగకూడదు, శిబిరం ఉన్న చోట అసలు తవ్వకూడదు. మార్చి నుంచి తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, అప్పుడు గుర్తులు పెట్టిన గూళ్ళ దరిదాపులకి పోకూడదు. ఆవిడ మర్యాదకి పదికి పది.

దొరికింది మాత్రం రెండు సీసపు గుండ్లు, చేపల గాలానికి కట్టేవి. కారణం మళ్ళీ పెద్దాయన మాటే. ఇక్కడ కూర్చునే జనం తక్కువ. పాత నాణేలు పైకి రావాలంటే ఈశాన్యపు గాలివాన ఇసుకని నాలుగైదు అడుగులు కోసుకుపోవాలి. పైగా కోత ఆపడానికి చాలా బీచ్‌ల మీద కొత్త ఇసుక తెచ్చి పోస్తుంటారు, పాతదంతా దాని కింద. ప్రశాంత వాతావరణంలో చవక మిషన్‌తో వెళ్ళడమంటే గాలి పీల్చుకోవడానికే. కొంచెం దక్షిణాన వబాస్సో బీచ్‌లో కాస్త నయం, జనం ఉన్నారు, పార్కింగ్ ఉచితం, డెబ్బై సెంట్లు దొరికాయి.

బస సంగతి. పార్కులోనే క్యాంప్‌గ్రౌండ్ ఉంది, కరెంటూ నీళ్ళూ ఉంటాయి, గుడారం ఉన్నవాళ్ళకి అంతకన్నా మంచి చోటు లేదు. మాకు లేదు. సముద్రం ఎదుట గదులు ఖరీదని తీరం వెనక ఉన్న లగూన్‌కి (ఉప్పునీటి కయ్యకి) అవతల సెబాస్టియన్ ఊళ్ళో ఓ మోటెల్ తీసుకున్నాం. ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయి, పులిహోరా పెరుగన్నంతో గడిచింది. కానీ బయట కాళ్ళు కడుక్కునే కుళాయి లేదు. స్కూపూ చెప్పులూ టబ్బులో కడిగితే తూము పూడుకుపోయింది, శుభ్రం చేయించడానికని ఇరవై డాలర్లు వేశారు. తప్పు నాదే అయినా, బీచ్ ఊళ్ళో మోటెల్ పెట్టి ఒక్క కుళాయి పెట్టించకపోవడం నాకర్థం కాలేదు.

మూడో రోజు తిరుగుదారిలో మళ్ళీ కోకో బీచ్. సెలవు మర్నాడు కాదు, సెలవు రోజే అని ఆలస్యంగా గుర్తొచ్చింది, జనం మధ్య కాయిల్ ఊపడానికి చోటే లేదు. ఓ కుర్రాడు మాత్రం పరుగెత్తుకొచ్చి, కారు తాళం ఇసుకలో పడిపోయిందన్నాడు. పది నిమిషాల్లో వాళ్ళ గొడుగు కిందే దొరికింది. వాళ్ళమ్మ నిమ్మకాయ ఐస్ కొనిచ్చింది.

ఇంటికొచ్చి లెక్కపెడితే ఆరు డాలర్ల ఎనభై అయిదు సెంట్లు. సూపర్‌మార్కెట్‌లో నాణేలు లెక్కపెట్టే మిషన్‌లో పోస్తే క్వార్టర్లు మింగింది, పెన్నీలన్నీ తిరిగి కక్కేసింది. వాటిని ఆవకాయ సీసాలో పోసి కిటికీలో పెట్టాను. బాబాయ్‌కి ఫోటో పంపితే, "బిందె చిన్నదే" అని జవాబిచ్చాడు.