మన సినిమాల క్లైమాక్స్‌లు: అప్పు తీర్చినవీ, ఎగ్గొట్టినవీ

ముందే హెచ్చరిక: కింద పేర్లున్న సినిమాలన్నిటి ముగింపులూ బయటపెట్టేశాను. చూడనివాళ్లు చూశాక చదవండి.

"క్లైమాక్స్ మరీ కన్వీనియంట్‌గా చుట్టేశాడు" అన్న విమర్శ దాదాపు ప్రతి పెద్ద సినిమాకీ వస్తుంది. ఇందులో రెండు వేర్వేరు ఫిర్యాదులు కలిసిపోతున్నాయి. ఒకటి "ఇలా జరగదు కదా" అన్నది. రెండోది "దీనికి ముందు లీడ్ ఏదీ లేదే" అన్నది. మొదటిది మన మాస్ సినిమాకి పెద్ద దోషం కాదు, పది మందిని ఒక్క గుద్దుతో లేపడానికి ఒప్పుకునే టికెట్ కొన్నాం. అసలు దోషం రెండోదే. కథ మొదటి సగంలో అప్పుగా తీసుకున్నది చివర్లో తీర్చాలి. అప్పే చేయకుండా చివర్లో ఎక్కడినుంచో డబ్బు తెచ్చి చూపిస్తే దాన్ని సౌకర్యం అంటాం.

పరీక్ష సులువే. ఇంటర్వెల్ కార్డు పడగానే మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి: హీరోకి ఇంకా తేలని చిక్కు ఏమిటి, విలన్ బలం ఎక్కడుంది, ఇప్పటిదాకా మనకి పదేపదే చూపించిన వస్తువు, చోటు, విద్య ఏవి. క్లైమాక్స్‌లో ఆ చిక్కు ఈ మూడో జాబితాలోంచి వచ్చినదానితోనే తీరిందా లేదా చూడండి. బయటినుంచి కొత్త మనిషో, కొత్త సాక్ష్యమో, కొత్త జబ్బో వచ్చి తీరిస్తే మార్కులు కోసేయొచ్చు.

ఈ పరీక్షకి బాగా నిలబడేది దృశ్యం (2014). మలయాళ మాతృక 2013లో వచ్చింది, కథ అక్కడిదే. పెద్దగా చదువుకోని, సినిమాల పిచ్చి ఉన్న కేబుల్ ఆపరేటర్ రాంబాబు. పోలీసు ఉన్నతాధికారి కొడుకు అతని ఇంట్లో చనిపోయాడు. రాంబాబు చేసేది అబద్ధపు సాక్షుల్ని కొనడం కాదు, నిజమైన సాక్షుల చేత తప్పు తేదీ చెప్పించడం. తర్వాతి రోజుల్లో కుటుంబంతో ఊరెళ్లి ప్రవచనం, హోటలు, సినిమా అన్నీ నిజంగానే చేస్తాడు. ఆ తర్వాత మళ్లీ ఆ మనుషుల్నే కలిసి, మాటల మధ్యలో ఘటన జరిగిన తేదీని వాళ్ల బుర్రలో నాటి వస్తాడు. అందుకే పోలీసులు విడివిడిగా అడిగినా అందరూ ఒకే మాట చెబుతారు, ఎవరూ అబద్ధమాడుతున్నామని అనుకోరు. ఇక ఆఖరి ట్విస్టు. పెరడు తవ్వితే జంతు కళేబరం దొరుకుతుంది, శవం మాత్రం కొత్త పోలీస్ స్టేషన్ నేల కింద ఉంది. ఇది పనిచేయడానికి కారణం ట్విస్టు తెలివి ఒక్కటే కాదు. ఆ స్టేషన్ కడుతున్నట్టు సినిమా అంతా మన కళ్లముందే ఉంది, మనమే దాన్ని పట్టించుకోలేదు.

అలాగని లోపం లేదా? ఉంది. కేసు నిజానికి కుప్పకూలింది రాంబాబు తెలివి వల్ల ఒక్కటే కాదు, రాంబాబు చిన్న కూతుర్ని కానిస్టేబులు కొట్టడం వల్ల. జనం తిరగబడ్డారు, మీడియా వచ్చింది, అధికారులు పరువు పోగొట్టుకున్నారు. ఆ కానిస్టేబులు కాస్త నిదానపరుడైతే విచారణ ఇంకా సాగేది. కాబట్టి సగం గెలుపు ఎదుటివాడి తొందర పెట్టిన భిక్ష. అయినా ఆ కానిస్టేబులు మొదటినుంచీ లంచగొండి, మొదటినుంచీ రాంబాబంటే మంట. అందుకని పూర్తిగా ఎగ్గొట్టినట్టు కాదు. 4.5/5.

బాహుబలి రెండో భాగం (28 ఏప్రిల్ 2017) దగ్గర జనం తప్పు చోట నవ్వారు. తాటిచెట్లను వంచి, డాళ్లు చుట్టూ కప్పుకుని ముద్దలా చేరిన సైనికుల్ని కోటలోకి విసరడం గురించి ఎన్ని మీమ్స్ వచ్చాయో లెక్కలేదు. భౌతికశాస్త్రం ఒప్పుకోదు, సరే. కానీ ఆ చెట్లు కోట గోడ దాటించాయి, అంతే. కథలో ముడి ఏదీ విప్పలేదు. ముడి విప్పింది పుల్లలు. మొదటి భాగంలో (10 జులై 2015) సంకెళ్లలో ఉన్న దేవసేన పాతికేళ్లుగా ఒక్కొక్క పుల్లా ఏరి పేరుస్తుంటుంది, భల్లాలదేవుడి చితికోసం. చివరికి వాడు కాలేది ఆ చితిమీదే. రెండు సినిమాల మధ్య దాదాపు ఇరవై రెండు నెలలు నిలిచిన బాకీ అది. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నకి జవాబూ అంతే: సింహాసనానికి కట్టుబడిన బానిస మాట మొదటి భాగంలోనే చెప్పేశారు, రెండోదాంట్లో శివగామి ఆజ్ఞ దాన్ని వాడుకుంది. ఆశ్చర్యపడ్డాం గానీ మోసపోలేదు.

నాకు ఇబ్బంది అనిపించేది శివగామి వైపు నుంచి. రాజ్యాన్నీ మనుషుల్నీ అంత బాగా చదివే మనిషి భల్లాలదేవుడి కుట్రని అంత తేలిగ్గా నమ్మేస్తుంది. కథకి అవసరం కాబట్టి ఆవిడ చూపు కాసేపు మందగించింది. విషయం తెలిసిన ప్రేక్షకుడు వేలెత్తాల్సింది తాటిచెట్టు వైపు కాదు, ఇక్కడ.

ఆర్ఆర్ఆర్ (25 మార్చి 2022)లో ఇదే దర్శకుడి అలవాటు మరింత స్పష్టంగా కనబడుతుంది. కాళ్లు పనిచేయని స్థితిలో ఉన్న రామ్ కాసేపట్లో విల్లు పట్టి నిలబడటం చూసి "ఏం మందు అది" అని అడిగినవాళ్లున్నారు. కానీ అంతకుముందే పాము కాటు వేసిన రామ్‌కి భీమ్ ఆకుల మందుతోనే ప్రాణం పోశాడు కదా. వేగం నమ్మశక్యంగా లేదు, దారి మాత్రం ముందే వేసి ఉంది. దీనికన్నా నచ్చేది తూటా. మొదట్లో గవర్నర్ స్కాట్ ఓ ఆడమనిషి మీద తూటా ఖర్చు చేయడం దండగని, తూటా విలువెంతో చెబుతాడు. ఆఖర్న అదే ఇంగ్లీషు తూటా అతనికి తగులుతుంది. పావు నిమిషం మాట, మూడు గంటల తర్వాత జవాబు.

ఈ సినిమా ముగింపుకి ఇంకో సౌకర్యం ఉంది, అది చాలామంది ఎత్తరు. అసలు అల్లూరి సీతారామరాజుని 7 మే 1924న కాల్చి చంపారు. కొమురం భీమ్ 1940లో జోడేఘాట్‌లో పోరాడుతూ ప్రాణాలిచ్చాడు. సినిమా 1920లో ఆగిపోయి పండగ పాటతో శుభం కార్డు వేసుకుంది. ఇది కల్పితమని ముందే చెప్పారు కాబట్టి తప్పు పట్టను. కానీ పేర్ల బరువు వాడుకుని ఆ పేర్ల అంతం వదిలేయడం సుఖమైన బేరమే. 3.5/5.

అర్జున్ రెడ్డి (25 ఆగస్టు 2017) ఈ జాబితాలో అందరికన్నా ఎక్కువ అప్పు ఎగ్గొట్టిన సినిమా. నడక, నటన, ధైర్యం అన్నిటికీ మార్కులున్నాయి. ముగింపు మాత్రం కథానాయకుడికి బహుమతిగా దొరికింది. అతను ప్రేమించి, వేరొకరితో పెళ్లైపోయిన ప్రీతి గర్భవతిగా కనబడుతుంది, బిడ్డ అతనిదే, భర్తని దగ్గరికి రానివ్వలేదు, పెళ్లైన కొద్ది రోజులకే ఇల్లు వదిలేసింది. ఇవన్నీ తెర మీద జరగలేదు, ఆ అమ్మాయి నోటితో చివర్లో చెప్పించారు. ఆ నెలలన్నీ ఆమె ఒంటరిగా ఎలా గడిపిందో అదే అసలు కథ అయ్యేది. మనం చూసింది అతని తాగుడు. బిడ్డ పరాయివాడిదైతే ఏం చేసేవాడు? అప్పుడు కదా అతను మారాడో లేదో తేలేది. ఆ ప్రశ్న రాకుండా రచయిత తలుపు మూసేశాడు. నాన్నమ్మ చనిపోయాక తాగుడు మానడం ఒక్కటే అతను సంపాదించుకున్న మార్పు. క్లైమాక్స్ వరకే చూస్తే 2/5.

రీమేక్‌లలో ఈ సంగతి ఇంకా తేటగా దొరుకుతుంది, ఎందుకంటే ఒకే కథకి రెండు ముగింపులు పక్కపక్కనే ఉంటాయి. తమిళ రమణ (2002)లో అవినీతిపరుల్ని చంపిన కథానాయకుడికి ఉరి పడుతుంది. తెలుగు ఠాగూర్ (2003)లో కొద్ది జైలుశిక్షతో బయటపడతాడు. చిరంజీవిని ఉరికంబమెక్కిస్తే థియేటర్లో కుర్చీలు మిగలవని భయపడి ఉంటారు, అది వ్యాపారపరంగా అర్థమయ్యే భయమే. కథకి మాత్రం దెబ్బ తగిలింది. చట్టాన్ని చేతిలోకి తీసుకున్నందుకు మూల్యం చెల్లిస్తానని చెప్పే మనిషి, మూల్యం దగ్గరికి వచ్చేసరికి డిస్కౌంట్ పొందాడు.

మామూలు మాస్ సినిమాల్లో కన్వీనియన్స్ ఎక్కడెక్కడ దాక్కుంటుందో తెలిసిందే. విలన్ తుపాకీ గురిపెట్టి పాత సంగతులన్నీ చెప్పడం, ఆ మాటలు ఛానెల్‌లో లైవ్ వెళ్లడం, కోమాలో ఉన్న సాక్షి సరిగ్గా వాయిదా రోజున కళ్లు తెరవడం, మంచి ఐపీఎస్ అంతా అయ్యాక జీపు దిగడం. వీటి వెనక కారణం తరచుగా ఒకటే. సెకండాఫ్‌లో విలన్‌ని అంత బలవంతుడిగా కట్టేస్తారు, హీరోకి దారి మాత్రం రాసుకోరు. అప్పుడు విలన్‌నే తెలివితక్కువవాణ్ణి చేయాల్సి వస్తుంది.

ఇప్పటి కొత్త బెడద ముగింపే లేకపోవడం. బాహుబలి మొదటి భాగం ప్రశ్న దగ్గర ఆగినా కథానాయకుడు శివుడు ఎవరో తేలింది, యుద్ధం ఒకటి గెలిచారు, దేవసేన సంకెళ్లు తెగాయి. దేవర (27 సెప్టెంబర్ 2024) అదే పద్ధతిలో కొడుకు వర చేతనే దేవర చనిపోయాడని చెప్పి ఆపింది. అయితే ఆ వాక్యం చెప్పేది ఒక కథకుడు, మనం అడగకముందే. అందుకే అది ప్రశ్నలా కాకుండా ప్రకటనలా వినబడింది. సలార్ (22 డిసెంబర్ 2023) కథానాయకుడు దేవా శౌర్యాంగ తెగవాడని చివర్లో చెప్పి వదిలింది, కనీసం ఆ రాజ్యం లెక్కలు గంటన్నరగా నూరిపోశాక చెప్పింది. పుష్ప మొదటి భాగంలో (17 డిసెంబర్ 2021) పోలీసు అధికారి షెకావత్ చివరి అరగంటకి దగ్గర్లో దిగాడు, కాబట్టి ఆ పోరు ముగిసినట్టు కాదు, మొదలైనట్టు ఉంది. రెండో భాగం (5 డిసెంబర్ 2024) ఆ బాకీ తీర్చి, పెళ్లింట్లో బాంబుతో మళ్లీ కొత్త బాకీ పెట్టింది.

వరసగా చూడాలనుకునేవాళ్లకి: బాహుబలి రెండూ ఒకే వారాంతంలో చూడండి, దేవసేన పుల్లలు అప్పుడే బాగా గుర్తుంటాయి. పుష్ప రెండూ అలాగే. దేవర, సలార్ మాత్రం తర్వాతి భాగాల తేదీలు ఖరారయ్యాక పెట్టుకుంటే మేలు.