డ్రమ్మరు వెంట ఏడేళ్లు: స్వీడన్ గరాజ్ రాక్, పంక్ వేట మీద నా సమీక్ష

గోథెన్‌బర్గ్‌కు ఉద్యోగం కోసం వచ్చి ఏడేళ్లయింది. మొదటి నవంబరులో మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడుతుంటే ఏమీ తోచక పాటలు వెతకడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు తెలిసిన స్వీడన్ రాక్ బ్యాండు ఒక్కటే, ది హైవ్స్. నలుపు తెలుపు సూట్లు వేసుకుని, వెంటపడి ఎవరో తరుముతున్నట్లు వాయించే ఐదుగురు. గరాజ్ రాక్, పంక్ అంటే ఇదే, మెరుగులు దిద్దని, కరుకైన, వేగమైన రాక్. ఇలాంటివాళ్లు ఈ దేశంలో ఇంకెందరున్నారో చూద్దామనుకున్నాను. ఆ వెతుకులాట ఇంకా ముగియలేదు. దారిలో నేను వాడిన పద్ధతుల్లో ఏది పనికొచ్చిందో, ఏది కాలయాపనో ఇక్కడ రాస్తున్నాను.

ముందు పాటల యాప్ సంగతి. పేరెందుకు గానీ, దానికి ఇప్పటికీ నెలనెలా చందా కడుతూనే ఉన్నాను. హైవ్స్ వింటే మాండో డియావ్ చూపించింది, అది వింటే సహారా హాట్‌నైట్స్, అక్కడి నుంచి ది హెలకాప్టర్స్, మళ్లీ హైవ్స్. అన్నీ మంచి బ్యాండ్లే, కాదనను. కానీ ఆరు నెలలు గానుగెద్దులా ఆ చుట్టే తిరిగాను. దీని వెనక పెద్ద రహస్యమేమీ లేదు. ఒక పాట విన్నవాళ్లు ఇంకేం విన్నారన్న లెక్కమీదే ఇలాంటి సిఫారసులు ఎక్కువగా నడుస్తాయి. మూడు వందల మంది వినే బ్యాండుకు ఆ లెక్కే దొరకదు, అందుకని అది ఎవరి పక్కనా కనిపించదు. పైగా ఒకే పేరున్న బ్యాండ్లు కలిసిపోతాయి. మాల్మో పంక్ బ్యాండు ఒకటి వింటుండగా నాలుగో పాట దగ్గర వేణువు, సెలయేటి చప్పుడు మొదలయ్యాయి. వాళ్లు కొత్త ప్రయోగమేదో చేశారనుకుని పూర్తిగా విన్నాను. తరవాత తెలిసింది, అది అదే పేరున్న వేరెవరిదో ధ్యాన సంగీతమని.

న్యాయంగా చెప్పాలంటే వయాగ్రా బాయ్స్ మాత్రం యాప్ పుణ్యమే. 2015లో స్టాక్‌హోమ్‌లో మొదలైన బ్యాండు. 2018లో వచ్చిన ‘స్ట్రీట్ వర్మ్స్’ ఆల్బమ్‌లో సాక్సఫోన్ వినగానే కుర్చీలోంచి లేచాను. ఇప్పుడు వాళ్లు పెద్ద పేరు, నేను చెప్పనక్కరలేదు.

అసలు మలుపు బ్యాండ్‌క్యాంప్‌తో వచ్చింది. బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే వెబ్‌సైటు అది. అక్కడ శైలి పేరుతో వెతకడం దండగ. గరాజ్ పంక్ అని కొడితే ప్రపంచమంతా వచ్చి పడుతుంది. ఊరి పేరుతో వెతకాలి. ఇందులో ఒక చిన్న చిక్కుంది. ఉత్తర స్వీడన్‌లోని ఉమియో అనే ఊరి పేరు చివరి అక్షరం నెత్తిన చిన్న సున్నా ఉంటుంది. కొందరు ఆ సున్నా పెట్టి రాస్తారు, కొందరు పెట్టకుండా రాస్తారు. నేను రెండు విధాలుగానూ వెతుకుతాను. నచ్చితే కొంటాను. డిజిటల్ అమ్మకాల్లో 15 శాతం మాత్రమే బ్యాండ్‌క్యాంప్ వాళ్లు తీసుకుంటారు. 2020 మార్చిలో మొదలుపెట్టిన ప్రత్యేక శుక్రవారాల్లో ఆ వాటా కూడా వదులుకుంటారు. నా కొనుగోళ్లన్నీ ఆ శుక్రవారాల్లోనే. జీతం వచ్చిన వారమైతే ఇంట్లో లెక్క చెప్పుకోవలసి వస్తుంది.

అలా ఊరి పేరు పట్టుకుని వెళ్లినప్పుడు దొరికిన బ్యాండు మాస్‌హిస్టెరి. 2009లో ఒకటి, 2010లో ఒకటి, రెండే ఆల్బమ్‌లు. ఆడ, మగ గొంతులు రెండూ కలిసి స్వీడిష్‌లో పాడతాయి. రాగం తీయన, గిటారు కరుకు. నాకు దొరికేటప్పటికే బ్యాండు విడిపోయి ఏళ్లు గడిచాయి. కొత్త బ్యాండ్ల కోసం బయలుదేరినవాణ్ని, లేని బ్యాండుతో ప్రేమలో పడ్డాను.

అప్పుడు చేసిన పనే ఈ సమీక్షకు కారణం. ఏ రికార్డులో ఎవరు వాయించారో నమోదు చేసే డిస్కాగ్స్ వెబ్‌సైటులో ఆ బ్యాండువాళ్లు ఒక్కొక్కరి పేరూ నొక్కుకుంటూ వెళ్లాను. రాబర్ట్ హురులా అంతకు ముందు రెగ్యులేషన్స్, ది విషస్ అనే బ్యాండ్లలో ఉన్నాడు, తరవాత హురులా పేరుతోనే సొంతంగా పాడుతున్నాడు. సారా ఆల్మ్‌గ్రెన్ కూడా విషస్‌లో ఉంది. దానికి ముందు డెనిస్ లిక్‌సెన్‌తో కలిసి ది ఇంటర్నేషనల్ నాయిస్ కాన్స్‌పిరసీ బ్యాండులో వాయించింది. ఆ డెనిస్ ఎవరు? 1998లో ‘ది షేప్ ఆఫ్ పంక్ టు కమ్’ చేసి అదే ఏడాది విడిపోయిన రెఫ్యూజ్డ్ బ్యాండు గాయకుడు. ఒక్క పేరు పట్టుకుంటే ఊరంతా చుట్టాలేనని తేలింది. మన పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లు ఇంటిపేరేమిటి, మేనమామ ఎవరు అని కూపీ లాగినట్లు లాగాలి, అంతే.

అప్పటినుంచీ నా పద్ధతి ఇదే. ఇక్కడ బ్యాండ్ల ఆయుష్షు తక్కువ, మనుషులు మాత్రం ఇంకో పేరుతో మళ్లీ పుడుతూనే ఉంటారు. ముఖ్యంగా డ్రమ్మరును వదలకూడదు. మంచి డ్రమ్మర్లు ఎక్కడైనా కరువే గనుక ఒక్కొక్కరు మూడు నాలుగు బ్యాండ్లలో వాయిస్తుంటారు. నికే ఆండర్సన్‌నే చూడండి. ఎంటూంబ్డ్ అనే డెత్ మెటల్ బ్యాండులో డ్రమ్స్ వాయిస్తూ, 1994లో గిటారు పట్టి హెలకాప్టర్స్ మొదలుపెట్టాడు. 2008లో అది ఆగిపోతే ఇంపీరియల్ స్టేట్ ఎలక్ట్రిక్. 2016లో మళ్లీ హెలకాప్టర్స్. మా గోథెన్‌బర్గ్‌లోనూ అంతే. 1980ల చివర్లో ఇల్లు కూలేలా వాయించిన యూనియన్ కార్బైడ్ ప్రొడక్షన్స్ నుంచే ది సౌండ్‌ట్రాక్ ఆఫ్ అవర్ లైవ్స్ పుట్టింది. భోపాల్ తెలిసిన మనకు ఆ మొదటి పేరు వినగానే ఒళ్లు జలదరిస్తుంది. నాకైతే ఆ పేరు ఇప్పటికీ మింగుడు పడలేదు, సంగీతం మాత్రం పడింది.

ఇన్ని బ్యాండ్లు ఎక్కడినుంచి వస్తాయన్నది చాలాకాలం నన్ను వేధించింది. హైవ్స్ సొంతూరు ఫాగెర్స్తా జనాభా పదకొండు వేల పైచిలుకు, మన మండల కేంద్రమంత. ఉక్కు కర్మాగారం ఊరు. జవాబు ఆఫీసులో నా పక్క కుర్చీలో దొరికింది. నా సహోద్యోగి పదిహేనేళ్ల వయసులో నలుగురు స్నేహితులతో బ్యాండు పెట్టాడట. బళ్లో చదువుకునే పిల్లలకు డ్రమ్స్, ఆంప్లిఫయర్లు ఎక్కడివని అడిగాను. పురపాలక సంగీత పాఠశాలలో తక్కువ రుసుముకు వాయిద్యం నేర్చుకున్నాడు. తరవాత ఏబీఎఫ్ లాంటి వయోజన విద్యా సంఘంలో అధ్యయన బృందంగా పేరు నమోదు చేసుకుంటే సాధన గది ఇచ్చారు. ప్రభుత్వ నిధులతో నడిచే ఆ సంఘాల లెక్కలో నలుగురు కుర్రాళ్లు మూడు స్వరాలు బాదడం కూడా విద్యే. ఏబీఎఫ్ 1912లో కార్మికోద్యమం పెట్టుకున్న సంస్థ. సర్కారు సొమ్ముతో కొన్న డ్రమ్స్ మీద సర్కారును తిట్టే పాటలు కట్టడం ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు. ఇటీవల ఆ నిధులకు కోత పడింది. సాధన గదులు మూతపడితే నా వేట కూడా ముగిసినట్లే.

భాష అడ్డంకి అవుతుందా అని అడిగేవాళ్లుంటారు. నాకు ఎదురు జరిగింది. వలసవచ్చినవాళ్లకు ఉచితంగా నేర్పే స్వీడిష్ తరగతికి వెళ్తూ, ఇంట్లో ఎబ్బా గ్రోన్ వినేవాణ్ని. 1977లో స్టాక్‌హోమ్ శివారు రోగ్స్వెద్‌లో మొదలైన బ్యాండు. అక్కడ విన్న మాటొకటి తరగతిలో వాడాను. మా టీచరు ముందు ఎర్రబడి, ఆ తరవాత నవ్వి, ఆ మాట పరీక్షలో రాయవద్దని చెప్పింది. స్వీడిష్ అసలు వద్దనుకుంటే స్టాక్‌హోమ్ బ్యాండు సుడాకిస్తాన్ వినండి. లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు, స్పానిష్‌లో కూడా పాడతారు. గరాజ్ రాక్‌లో చేతి డోళ్ల మోత వాళ్ల దగ్గరే విన్నాను. ఒక్క ఆల్బమ్‌తో మొదలుపెట్టాలంటే 2015 నాటి వాళ్ల ‘కబాయో నెగ్రో’ చెబుతాను. మాల్మో అమ్మాయిల బ్యాండు అర్రే! అర్రే! కూడా వినండి. పేరు చూసి మనవాళ్లెవరో అనుకున్నాను, కాదు.

ప్రత్యక్షంగా చూడటం అన్నిటికన్నా మేలని వేరే చెప్పాలా? మా ఊళ్లో యార్న్‌టోరియెట్ కూడలి దగ్గర పుస్తెర్విక్, మాయోర్నా పేటలో మ్యూసికెన్స్ హూస్, నేను ఎక్కువగా వెళ్లే ప్రదర్శనశాలలు ఈ రెండే. పెద్ద బ్యాండుకు ముందు వాయించే బ్యాండు కోసమే టికెట్టు కొంటాను. ఇక్కడ శబ్దానికి ప్రజారోగ్య శాఖ హద్దు పెట్టింది, సగటున 100 డెసిబెల్స్. ఆ హద్దులోనే చెవులు గింగురుమంటాయి. మొదటి ఏడాది ధీమాగా వెళ్లి రెండు రోజులు చెవిలో ఈల మోగుతుంటే తిరిగాను. ఇప్పుడు చెవి బిరడాలు లేకుండా గడప దాటను.

పాత ఎల్పీ రికార్డుల జోలికి మాత్రం జాగ్రత్తగా వెళ్లండి. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర కొన్నది అప్పడంలా వంగి వచ్చింది. అప్పటినుంచి కొంటే స్టిగ్‌బెర్యెట్ మీదున్న బెంగాన్స్ దుకాణానికి వెళ్లి, చేత్తో పట్టుకుని, వెలుతురులో తిప్పి చూశాకే.

పోయిన నెల ఒక ప్రదర్శనలో ముందు వాయించిన బ్యాండు డ్రమ్మరును ఎక్కడో చూశాననిపించింది. రెండేళ్ల కిందట విడిపోయిన ఇంకో బ్యాండులో చూశాను. బయట బల్ల మీద ఆమే స్వయంగా తమ బ్యాండు సరుకు అమ్ముతోంది. ఇంటర్నెట్‌లో ఎక్కడ వినవచ్చని అడిగితే, ఇంకా ఎక్కడా పెట్టలేదు, క్యాసెట్టు మాత్రమే ఉందంది. కొనేశాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, మా ఇంట్లో క్యాసెట్ ప్లేయర్ లేదని. ప్రస్తుతం పాత సామాన్లు అమ్ముకునే బ్లాకెట్ వెబ్‌సైటులో దానికోసం వెతుకుతున్నాను.